చావు ఖర్చుపై సెటైర్: హాలీవుడ్‌లో కంపెనీలు.. మన సినిమాల్లో బంధువులు!

చావింట్లో నవ్వకూడదంటారు. కానీ శవం లేవకముందే మొదలయ్యే ఖర్చు లెక్కలు, పంతాలు, పరువు మాటలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. డార్క్ కామెడీ సినిమాలు పట్టుకున్నది ఈ ఇరకాటాన్నే. అయితే హాలీవుడ్‌ది ఒక దారి, మనది ఒక దారి. ఆ తేడా ఏంటో చూద్దాం.

అమెరికాలో గురి వ్యాపారంపైనే

లాస్ ఏంజెలెస్‌లోని ఫారెస్ట్ లాన్ శ్మశానవాటికను చూశాక ఇంగ్లిష్ రచయిత ఎవెలిన్ వా 1948లో ‘ది లవ్డ్ వన్’ నవల రాశారు. శవానికి మేకప్, చుట్టూ పూలతోటలు.. ఏడుపును కూడా అమ్మకానికి పెట్టారన్నది అందులోని ఎగతాళి. టోనీ రిచర్డ్‌సన్ 1965లో దాన్ని సినిమాగా తీశారు. దుఃఖంలో ఉన్న కుటుంబాలకు ఖరీదైన శవపేటికలు ఎలా అంటగడుతున్నారో జెస్సికా మిట్‌ఫర్డ్ 1963లోనే ‘ది అమెరికన్ వే ఆఫ్ డెత్’ పుస్తకంలో బయటపెట్టారు. 1984లో అక్కడ ‘ఫ్యూనరల్ రూల్’ అమల్లోకి వచ్చింది. ఏ సేవకు ఎంతో విడివిడిగా ధరల పట్టిక ఇవ్వాల్సిందే.

మన దగ్గర బిల్లు ఎవరిస్తారు?

రామకుప్పం లాంటి పల్లె ప్రాంతాల్లో పాడె కట్టేది, గుంత తవ్వేది ఊరివాళ్లే. అలాగని ఖర్చు తగ్గదు. ఫ్రీజర్ పెట్టె అద్దె, పలకలు, పూలు, టపాసులు, దినం రోజు భోజనాలు.. బిల్లు ఎవరూ ఇవ్వరు, అప్పు మాత్రం మిగులుతుంది. ‘నలుగురూ ఏమనుకుంటారు’ అన్న మాటే ఇక్కడ సేల్స్‌మన్. అందుకే మన సినిమాల సెటైర్ ఇంటివాళ్లపైనే.

ఆ నలుగురు (2004): చంద్రసిద్ధార్థ దర్శకత్వం. తన శవం చుట్టూ పిల్లలు ఎలా ప్రవర్తిస్తారో చనిపోయిన తండ్రే చూస్తాడు. ఆ పాత్రలో రాజేంద్రప్రసాద్ నటించారు.

తిథి (2015): కుప్పం సరిహద్దు దాటితే కర్ణాటక. అక్కడి మండ్య జిల్లా పల్లెలో, నటన తెలియని గ్రామస్తులతో రామ్ రెడ్డి తీసిన కన్నడ సినిమా ఇది. 101 ఏళ్ల సెంచురీ గౌడ పోతాడు. ఊరికి పెట్టాల్సిన 11వ రోజు విందు ఒకవైపు, పొలం అమ్ముకోవాలన్న ఆత్రం మరోవైపు. మనవడు తమ్మణ్ణ బతికున్న తండ్రినే చనిపోయినట్టు కాగితాలు పుట్టిస్తాడు.

ఈ.మ.యౌ (2018): లిజో జోస్ పెల్లిస్సేరి తీసిన మలయాళ చిత్రం. అంత్యక్రియలు ఘనంగా చేస్తానని పేద కొడుకు తండ్రికి మాటిస్తాడు. ఆ రాత్రే తండ్రి పోతాడు. శవపేటిక నుంచి చర్చి అనుమతి దాకా అన్నీ అడ్డం తిరుగుతాయి.

బలగం (2023): వేణు యెల్దండి దర్శకత్వం. కట్నం డబ్బుతో అప్పు తీర్చుదామనుకున్న మనవడికి నిశ్చితార్థం ముందే తాత పోవడం పెద్ద దెబ్బ. ఎన్ని వంటలు పెట్టినా కాకి ముట్టదు. బావా బామ్మర్దుల గొడవ ఎక్కడ మొదలైందంటే.. ఒక్క నల్లి బొక్క దగ్గర!

ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు లాంటి నగరాల్లో వాహనం, పురోహితుడు, సామగ్రి కలిపి ప్యాకేజీ ఇచ్చే సంస్థలు వచ్చాయి. అక్కడ ధర ముందే అడగొచ్చు. పరువు ధర ఎంతని చావింట్లో ఎవరూ అడగలేరు. ఈ సినిమాలు నవ్విస్తూ అడిగింది అదే.