మట్టిగోడల మాన్యత

కొండగట్టు అంజన్నను సేవించి ధర్మపురికి సాగిపోవు యాత్రికులలో కొందరు గుట్టమీది కొండలరాయుని కోటను చూతురు. కందకము చుట్టుకొనిన నక్షత్రాకృతి గల జగిత్యాల కోట, 1747 నాటిదగుటచే, ఇంకను ప్రసిద్ధము. కాని ధర్మపురికి దిగువన, గోదావరి దక్షిణతీరమున పెద్దవాగు వచ్చి కలియుచోట, వీనికంటె బహుపురాతనమైన కోటిలింగాల కోట మన్నుదిబ్బయై పడియుండగా, అటు తిరిగి చూచువారే అరుదు.

ఆ దిబ్బను పురావస్తుపరిశోధకులగు వి. వి. కృష్ణశాస్త్రిగారు త్రవ్వించినపుడు మట్టిప్రాకారము, ఇటుకకట్టడములు బయల్పడినవి. స్థానికపాలకులగు గోభద, నారన, కంవాయస, సమగోపుల నాణెములును, పురాణములు శాతవాహన వంశమునకు ఆద్యునిగా చెప్పు శ్రీముఖుని నాణెములును ఇచ్చట లభించుటచే, ఆంధ్రదేశచరిత్రకు ఆరంభపుటలు జగిత్యాల జిల్లాలోనే దొరికినట్లయినది. ఇటువంటి మట్టికోటయే ధూళికట్టలోను కలదు. పెద్దబంకూరులోనైతే శాతవాహన నాణెములు వేలసంఖ్యలో దొరకగా, వానితోపాటు రోమక నాణెములును కానవచ్చినవి.

రోమునకు మనము అపరిచితులము కాము. క్రీ. శ. మొదటి శతాబ్దిలో రోమక గ్రంథకర్త ప్లినీ, ఆంధ్రులకు ప్రాకారములు గల పట్టణములు 30, కాల్బలము 1,00,000, అశ్వములు 2,000, ఏనుగులు 1,000 కలవని వ్రాసెను. ఆ ముప్పదింటిలో కోటిలింగాల ఒకటియని పలువురి ఊహ. అది నాకును సమంజసముగ తోచుచున్నది.

ఆ రోమకులే క్రీ. శ. 122లో బ్రిటనులో హేడ్రియను గోడను ఆరంభించి, ఇరువది ఏండ్లకు దానికుత్తరముగ ఆంటోనైను గోడను కట్టిరి. ఈ రెండవదానికి రాయి పునాదిమాత్రమే, పైభాగమంతయు పచ్చికగడ్డలపేర్పు. నేడది అనేకస్థలములందు గడ్డి మొలచిన గట్టును, దానిప్రక్క పూడిన అగడ్తయు మాత్రమే. అయినను ఐక్యరాజ్యసమితి విద్యా, విజ్ఞాన, సాంస్కృతిక సంస్థ, 1987లో హేడ్రియను గోడను, 2005లో జర్మనీలోని రోమక సరిహద్దుకట్టడములను ఆదరించినట్లే, 2008లో ఈ గట్టును ప్రపంచవారసత్వముగ గుర్తించినది. రాతికి గల గౌరవము మన్నుకును కలదని అచ్చటివారు గ్రహించిరి.

మనమో, శిల్పము లేనిదే చరిత్ర లేదని యెంచి, ఎల్లంపల్లి జలాశయపు వెనుకనీరు కోటిలింగాల భూమిపైకి వచ్చినను కలతపడలేదు. సాగునీరు వలదనుట నా ఉద్దేశము కాదు; ఆ నీటి అవసరము నెరిగినవాడనే. ప్రాకారరేఖను భూమిపై కొలిచి రాళ్లు పాతి చూపుటకు, నీరు తగ్గిన వేసవులలో మిగిలిన దిబ్బను త్రవ్వి పరిశీలించుటకు, దొరికినవానిని ఆ యూరిపిల్లలు చూచుటకు తగిన చిన్న ప్రదర్శనశాలను తీరమునకు ఎడముగ కట్టుటకు ఏ జలాశయమును అడ్డు రాదు. ధర్మపురికి వెళ్లు యాత్రికులకు ఆ దారి చూపు పలకయొకటి ఈ సంవత్సరమే నిలుపవచ్చును.