ముంచింది కృష్ణమ్మేనా?

1981 జూన్. శ్రీశైలం డ్యామ్ వెనక, కర్నూలు జిల్లాలో కృష్ణ ఒడ్డున ఒక పల్లె. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. వాకిట్లోకి పోలీసులొచ్చారు, వెనకే గడ్డపారలతో కూలీలు.

(ఆనాటి ఖాళీ చేయింపుల ఆధారంగా ఊహించిన దృశ్యమిది. మాటలు కల్పితం.)

"అవ్వా, సామాను బయట పెట్టుకో. నీళ్లొస్తాయి. నీ ప్రాణం కాపాడేదానికే వచ్చినాం."

"నీళ్లు యాడొచ్చె నాయనా? ఏరు ఇంకా ఆడనే ఉండాది గదా."

"పరిహారం తీసుకుంటిరి గదా!"

"దుడ్లిచ్చిరి. యాడికి పోయి బతకల్లో చెప్పలేదే."

గడ్డపార పట్టినోడు తలెత్తలేదు. "నేను కాకుంటే ఇంగొకడు కూలుస్తాడవ్వా."

ఎసరు దించకముందే దూలం కూలింది.

ఆ కూల్చివేతలకు 'ఆపరేషన్ డిమాలిషన్' అని పేరు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు, లక్షకు పైగా జనం. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు. 18 ఏళ్లు గడిచినా చివరికి మిగిలింది తొందరే. 1894 నాటి భూసేకరణ చట్టం డబ్బివ్వమంది గానీ, పోయిన ఊరికి బదులు ఊరు చూపమనలేదు. చట్టం అడగనిది అధికారులకూ గుర్తు రాలేదు.

అలాగని 'నలుగురి మేలు కోసమే' అంటూ చెప్పిన సాకులన్నీ అబద్ధాలా? కుడిగట్టున 770 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం వెలిసింది. తర్వాత పోతిరెడ్డిపాడు మీదుగా సీమకు నీళ్లూ పారాయి. సాకులో కాస్త నిజం ఉంటేనే మనస్సాక్షి హాయిగా నిద్రపోతుంది. 'నలుగురి మేలు' అన్నాక, ఆ నలుగురిలో అవ్వ ఎందుకు లేదని అడిగేవాడుండడు.

చేతగాక చేయలేదనుకుందామా? మునిగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. ఏ రాయి ఎక్కడ ఉండాలో లెక్క తప్పలేదు. మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆ ఓపిక చాలలేదు.

1986లో 98వ నంబరు జీవో వచ్చింది, నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని. దానికోసం తిరిగి తిరిగి ఎందరికో వయసు దాటిపోయింది.

ఈనాటికీ వాటిని 'ముంపు గ్రామాలు' అంటాం. ఆ ఒక్క మాటతో పోలీసు, కూలీ, సంతకం పెట్టిన చెయ్యి, దీపం వెలిగించుకున్న మనం, అందరం తప్పుకున్నాం. నేరమంతా నీళ్ల మీదకు పోయింది. గడ్డపార దిగేనాటికి ఆ వాకిట్లో చుక్క నీరు లేదు.