లూటీ చిత్తరువు



మా మనుమరాలు పెంచుకున్న కుక్క, కాటుక, ఈ మాఘమాసంలో పోయింది. పన్నెండేండ్ల క్రిందట ఒక వానరోజున తడుస్తూ వాళ్ళ గేటు దగ్గరకు వచ్చి నిలిచినప్పుడే దాని మెడలో పాత తోలుపట్టెడ ఒకటి ఉన్నది. అంటే అది వీధికుక్క కాదు. ఎవరో పెంచినది, ఏదో ఒక పేరుతో పిలిచినది. చుట్టుపక్కల ఎంత విచారించినా సొంతదారు తేలలేదు. నల్లగా నిగనిగలాడుతున్నదని కాటుక అనే పేరు నేనే పెట్టాను. ఇప్పుడా పిల్ల దాని ఫొటో ఒకటి చిత్రకారునికిచ్చి రంగుల పటం వేయించుకుంటున్నది. బయానా కూడా ఇచ్చేసింది. మొన్న ఫోను చేసి, "తాతయ్యా, బొమ్మ కింద పేరు రాయించనా వద్దా? కాటుక మనం పెట్టిన పేరే కదా, దాని అసలు పేరు మనకు తెలియదుగా" అన్నది.

జీవితమంతా నామవాచకాల పాఠం చెప్పినవాణ్ణి. అయినా వెంటనే జవాబు తోచలేదు. అప్పుడే లోగడ చదివిన మరొక కుక్క బొమ్మ కథ గుర్తుకు వచ్చింది. ఈ టపా దాని గురించే.

పెంచుకున్న జంతువుకు పటం వేయించుకునే ముచ్చట ప్రభువులకు పాతదే. షాజహాను చక్రవర్తి ఆలం గుమాన్ అనే ఏనుగు చిత్రం మీద దాని పేరుతో పాటు వెల లక్ష రూపాయలని కూడా స్వహస్తంతో వ్రాసుకున్నాడు. అందులో ప్రేమపాలు ఎంతో, లెక్కపాలు ఎంతో!

ఈ ముచ్చట ఇంగ్లండు విక్టోరియా రాణికి ఉన్నంతగా మరెవరికీ ఉండి ఉండదు. 1833లో ఆమె తల్లి కెంటు డచెస్సుకు డాష్ అనే బుల్లి స్పానియల్ కుక్కను బహుమతిగా ఇచ్చారు. కొద్ది రోజులలోనే అది కూతురి పక్షం చేరింది. ఆ ఒంటరి పిల్ల దానికి ఎర్రకోటు, నీలిలాగు తొడిగిన సంగతి తన దినచర్యలో వ్రాసుకున్నది. 1836లో, ఆమె పదిహేడవ పుట్టినరోజుకు, తల్లి ఎడ్విన్ లాండ్‌సీర్ అనే చిత్రకారుని చేత డాష్ బొమ్మ వేయించి ఇచ్చింది. 1838 జూన్ 28న కిరీటధారణ ముగించుకొని కోటకు వచ్చిన రాణి చేసిన మొదటి పనులలో డాష్‌కు స్నానం చేయించడం ఒకటని చెప్పుకుంటారు. 1840లో డాష్ చనిపోతే సమాధి కట్టించి, దాని సద్గుణాలను రాతి మీద చెక్కించారు. ఆ మరుసటి ఏడు క్రిస్మసుకు రాణి తన భర్త ఆల్బర్టు కోసం, ఆయన జర్మనీ నుండి వెంట తెచ్చుకున్న ఈయాస్ అనే వేటకుక్క పటాన్ని అదే లాండ్‌సీర్ చేత వేయించింది. ఆ పటంలో ఆల్బర్టు లేడు. ఆయన టోపీ, చేతితొడుగులు, చేతికర్ర ఉన్నవి. కుక్క వాటి దగ్గర నిలిచి తల ఎత్తి చూస్తున్నది. యజమాని లేకుండానే యజమానిని చూపించిన బొమ్మ అది. నాకు చాలా ఇష్టమైన పటం.

ఇక అసలు కథ. 1860లో బ్రిటిషు, ఫ్రెంచి సేనలు కలిసి బీజింగు మీదికి దండెత్తినవి. నల్లమందు యుద్ధాలలో రెండవదానికి అది ముగింపు. ఆ సేనలో మన దేశపు దండు చాలా ఉన్నది. పంజాబు పదాతులు, సిక్కు రౌతులు, మన మద్రాసు సాపర్లు. షియాన్‌ఫెంగ్ చక్రవర్తి పరివారంతో ఉత్తరాన ఉన్న జెహోలుకు తరలిపోయాడు. అక్టోబరు 6న ఫ్రెంచివారు నగరానికి వాయవ్యాన ఉన్న యువాన్‌మింగ్‌యువాన్ ఉద్యానవనం ప్రవేశించారు. వేసవి ప్రాసాదమని ప్రసిద్ధమైనది అదే.  ముందు ఫ్రెంచివారు, వెనుక బ్రిటిషువారు మోయగలిగినంత మోసుకుపోయారు. బ్రిటిషు పక్షాన దొరికిన సొత్తును పోగుచేసి, వేలం వేసి, ఆ సొమ్మును హోదాను బట్టి పంచుకున్నారు. దోచిన దానికి చిట్టా ఆవర్జాలు కూడా ఉన్నవన్నమాట. చైనావారి చెరలో తమవారు కొందరు చిత్రహింసలతో చనిపోయినారని తెలిసిన తరువాత, ఎల్గిను ప్రభువు ఆజ్ఞతో అక్టోబరు 18న మొత్తం ఉద్యానానికి నిప్పు పెట్టారు. ఈ ఎల్గినే 1862లో మనకు వైస్రాయిగా వచ్చాడు, మరుసటి ఏడు ధర్మశాలలో చనిపోయాడు.

ఆ దండులో కాప్టెన్ జాన్ హార్ట్ డన్ అనే ఆయన ఉన్నాడు. కలకత్తా నుండి పెకింగు దాకా చేసిన ప్రయాణం మీద పుస్తకం కూడా వ్రాశాడు. ఫ్రెంచి శిబిరంలో కొన్న కొన్ని చిల్లర వస్తువులను దక్కించుకోగలిగాననీ, వాటితో పాటు ముద్దులొలికే బుల్లికుక్క ఒకటి ఉన్నదనీ, దాని మెడలో వెండి గంటలున్నవనీ అందులో చెప్పాడు. కుక్క కూడా కొన్నదా, దొరికినదా, పట్టుకున్నదా అనేది ఆ వాక్యంలో తేలదు. వ్యాకరణం చదువుకున్నవాడికి ఇట్టి వాక్యాలు కనబడితే కలం పట్టుకొని దిద్దబుద్ధి అవుతుంది. 1861 వసంతంలో ఇంగ్లండు చేరి, ఆ కుక్కను రాణికి సమర్పించాడు. అది చక్రవర్తినిదో, రాజకుటుంబ స్త్రీలలో మరొకరిదో అయి ఉంటుందనీ, ముద్దుగా పెరగడమే దానికి అలవాటు గనుక అక్కడ కూడా అట్లాగే చూసుకుంటారని తెచ్చాననీ విన్నవించుకున్నాడు. ఆయన దయ లేనివాడని నేను అనను. గంటలు కట్టి పెంచిన చేయి ఎవరిదో అడగవలసిన అవసరం మాత్రం ఆయనకు కలుగలేదు.

ఆ కుక్కకు పెట్టిన పేరు లూటీ.

తెలుగువారికి ఈ మాట అర్థం చెప్పనక్కరలేదు. సంస్కృతంలో లుంఠనమంటే దోపిడి, లుంఠాకుడంటే దొంగ. ఆ జాతిలోనిదే హిందీ 'లూట్'. అక్కడ నుండి మనకు లూటీ వచ్చింది, కంపెనీ ఉద్యోగుల నోట పడి పద్దెనిమిదవ శతాబ్ది చివరికే ఇంగ్లీషులోకీ పోయింది. 1816లో పిండారీలు మా గుంటూరు సీమ మీద పడి ఊళ్ళకు ఊళ్ళు దోచుకున్నప్పుడు మావారు అనుభవించినది లూటీయే. ఆ పిండారీలను దోపిడిగాండ్రని అణచినది కంపెనీ. నలభై నాలుగేండ్ల తరువాత బీజింగులో అదే మాట దొరల నోట వేడుకమాట అయింది. ఇంకొక సంగతి గమనించండి. ఇంగ్లీషువారు ముద్దుపేరు చివర 'ఈ'కారం చేర్చుకుంటారు, టామీ, జిమ్మీ అన్నట్లు. 'లూట్' మీద ఆ ముద్దు ప్రత్యయం చేరితే 'లూటీ'. మనకు ఆ 'ఈ'కారంలో ముద్దు వినబడదు, నేరమే వినబడుతుంది. ఒకే శబ్దం. వినే చెవిని బట్టి ఒకరికి లాలింపు, ఒకరికి అభియోగం.

ఆ 1861లోనే దాని పటం వేసే పని ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ కైల్ అనే జర్మను చిత్రకారునికి అప్పగించారు. ఆయన లాండ్‌సీర్ శిష్యుడు. కుక్క అతి చిన్నది గనుక దాని పరిమాణం తెలిసేలా పక్కన ఏదైనా వస్తువు ఉంచమని ఆయనకు సూచన వచ్చింది. ఆయన దానిని మెత్త మీద కూర్చోబెట్టి, దగ్గర ఒక జపాను పూలపాత్రను చిత్రించాడు. ఈయాస్ పటంలోని వస్తువులు దాని యజమానిని చెబుతాయి. ఈ పటంలోని పాత్ర కొలబద్ద మాత్రమే. పైగా కుక్క చైనాది, పాత్ర జపానుది. కోటలో ఎవరికీ ఆ తేడా పట్టినట్లు లేదు. 1865లో దానికి ఫొటో కూడా తీయించారు. 1872లో విండ్సరులో చనిపోయింది. రాజకుటుంబ చిత్రసంచయంలో ఆ పటం ఈనాటికీ లూటీ అనే పేరుతోనే ఉన్నది.

విక్టోరియాకు ఆ 1861వ సంవత్సరం ఎట్లాంటిదో కూడా చెప్పాలి. మార్చిలో తల్లి పోయింది, డాష్ బొమ్మ వేయించి ఇచ్చిన తల్లి. డిసెంబరు 14న భర్త పోయాడు. ఆ ఏట కోటలోకి వచ్చిన ఈ బుల్లిప్రాణి కూడా తనవారిని కోల్పోయి వచ్చినదే. ఈ పోలిక రాణికి తోచిందో లేదో గానీ, నాకు తోచక మానలేదు.

కుక్కల బొమ్మల సంప్రదాయం చైనా ఆస్థానానికి తెలియక కాదు. సరిగా ఆ ఉద్యానంలోనే, అంతకు శతాబ్దం ముందు, జుసెప్పె కాస్టిగ్లియోనే అనే ఇటలీ దేశపు జెసూట్ సోదరుడు ఆస్థాన చిత్రకారుడుగా పనిచేశాడు. 1688లో మిలానులో పుట్టి, 1715లో చైనా చేరి, లాంగ్ షీనింగ్ అనే పేరుతో ముగ్గురు చక్రవర్తులను కొలిచి, 1766లో బీజింగులోనే కన్నుమూశాడు. చియాన్‌లాంగ్ చక్రవర్తి ఆజ్ఞతో ఆయన పది మేలుజాతి కుక్కలను పది పెద్ద పట్టుపటాల మీద వేశాడు. తొమ్మిది సన్నని వేటకుక్కలు, ఒకటి టిబెట్టు నుండి వచ్చిన భారీ కాపలాకుక్క. ప్రతి పటం మీదా కుక్క పేరు చైనా, మంచూ, మంగోలు లిపులు మూడింటిలోనూ ఉన్నది. వాటిని సమర్పించినవారి పేర్లు కూడా ఉన్నవి. ఒకదానికి మంచుగోళ్ళ పేరు, ఒకదానికి నల్లపచ్చరాతి నాగం పేరు. చక్రవర్తి దర్పం అందులో లేదని అనను. సామంతులు తెచ్చిన కానుకల పట్టీ కూడా అదే. అయినా ఏ కుక్క ఎవరి దగ్గర నుండి వచ్చిందో, ఏమని పిలిస్తే పలికేదో ఆ పట్టు మీద నిలిచింది. ఆ పటాలు ఇప్పుడు తైపేలోని జాతీయ ప్రాసాద మ్యూజియంలో ఉన్నవి.

అదే ఉద్యానంలో కాస్టిగ్లియోనే రూపకల్పనతో కట్టిన ఐరోపా పద్ధతి భవనాల ముందు పన్నెండు జంతువుల కంచుతలలతో నీటిగడియారం ఒకటి ఉండేది. చైనావారి పన్నెండు సంవత్సరాల చక్రానికి గుర్తులవి. ఆ తలలు కూడా చెదిరిపోయినవి. 2000 నుండి 2019 లోపల ఏడు తలలు చైనాకు తిరిగి చేరినవి. కుక్కతల ఆ ఏడింటిలో లేదు.

సరే, మా పిల్ల ప్రశ్న. నేను చెప్పినది ఇది: "మనం పిలిచిన పేరు మనం రాయించుకోవడంలో తప్పు లేదమ్మా, అది పన్నెండేండ్లు ఆ పేరుకే పలికింది. కానీ మెడలో ఆ పాత పట్టెడ కూడా వేయించు." ఫొటోలో పట్టెడ లేదు. కొత్తది కొన్న తరువాత పాతదాన్ని తీసి దాచింది నేనే, నిఘంటువుల బీరువాలో అడుగు అరలో. దాని ఫొటో తీసి పంపాను. పటం కింద అచ్చు వేసుకోవడానికి కాటుక అని పెద్ద అక్షరాలతో కాగితం మీద వ్రాసి దానినీ పంపాను, చిత్రకారునికి తెలుగు రాదట.

పట్టెడ రంగేమిటని ఆయన అడిగాడట. గోధుమరంగు అన్నాను నేను. కాదు, అది వచ్చిన రోజున వానకు తడిసి నల్లగా ఉండిందని మనుమరాలు అంటున్నది. ఇంకా తేలలేదు.