బాబ్ జేమ్స్

బాబ్ జేమ్స్ (జననం: 1939 డిసెంబరు 25) అమెరికాకు చెందిన జాజ్ కీబోర్డు కళాకారుడు, స్వరకర్త, అరేంజర్, వాద్యబృంద నాయకుడు. జాజ్‌కు రిథమ్ అండ్ బ్లూస్ లయనూ, పాప్ పాటల తేలికదనాన్నీ కలిపిన స్మూత్ జాజ్ శైలికి పునాది వేసినవారిలో ముఖ్యుడు. తన వేళ్ల వేగం చూపడం కన్నా పాట మొత్తం ఎలా వినిపించాలన్న ఆలోచనకే ఆయన పెద్దపీట వేశాడు.

తొలి రోజులు

మిస్సోరి రాష్ట్రంలోని మార్షల్ పట్టణంలో పుట్టిన జేమ్స్ నాలుగేళ్ల వయసులోనే పియానో నేర్చుకోవడం మొదలుపెట్టాడు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదివి 1962లో మాస్టర్స్ పట్టా పొందాడు. అదే ఏడాది నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయంలో జరిగిన కళాశాలల జాజ్ ఉత్సవంలో ఆయన ముగ్గురు సభ్యుల బృందం న్యాయనిర్ణేత క్విన్సీ జోన్స్ దృష్టిలో పడింది. జోన్స్ చొరవతో మెర్క్యురీ సంస్థ 1963లో ఆయన తొలి ఆల్బమ్ 'బోల్డ్ కన్సెప్షన్స్'ను విడుదల చేసింది. 1965లో వచ్చిన 'ఎక్స్‌ప్లోజన్స్' పూర్తిగా ప్రయోగాత్మకం. అందులో పియానోతోపాటు టేపు మీద రికార్డు చేసిన ఎలక్ట్రానిక్ ధ్వనులు కూడా ఉన్నాయి.

ఆ తర్వాత కొన్నేళ్లు ప్రసిద్ధ గాయని సారా వాన్‌కు పియానో సహకారం అందించాడు. పక్కవాద్యం వాయించేవాడు గాయని ఊపిరి తీసుకునే చోటును కనిపెట్టి ఉండాలి. గొంతు ఆగిన చోటే తాను పలకాలి. జేమ్స్ సంగీతంలో కనిపించే నిదానానికి ఈ అనుభవం బాగా తోడ్పడింది.

సి.టి.ఐ. కాలం

1970ల తొలినాళ్లలో నిర్మాత క్రీడ్ టేలర్ నడిపిన సి.టి.ఐ. సంస్థకు జేమ్స్ ప్రధాన అరేంజర్ అయ్యాడు. ఏ వాద్యం ఎక్కడ ప్రవేశించాలి, తీగవాద్యాలు ఎంత పలికి తప్పుకోవాలి అన్నది నిర్ణయించి స్వరాలు రాసివ్వడం అరేంజర్ పని. శాక్సోఫోన్ కళాకారుడు గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్‌కు పేరు తెచ్చిన 'ఇన్నర్ సిటీ బ్లూస్', 'మిస్టర్ మ్యాజిక్' ఆల్బమ్‌లకు ఆయనే అరేంజర్.

1974లో సొంత ఆల్బమ్ 'వన్' వెలువడింది. రికార్డు చిట్టచివర ఉన్న 'నాటిలస్' ఆయన రచనల్లో ఎక్కువ కాలం నిలిచినది. నీటి అడుగు నుంచి వస్తున్నట్టుండే ఎలక్ట్రానిక్ ధ్వనులతో అది మొదలవుతుంది. తర్వాత గ్యారీ కింగ్ బాస్ గిటార్ మీద ఒక చిన్న వరుసను అందుకుని తిప్పి తిప్పి వాయిస్తాడు. దాని మీద ఇద్రిస్ ముహమ్మద్ డ్రమ్స్, ఆపైన జేమ్స్ ఎలక్ట్రిక్ పియానో చేరతాయి. ఎవరూ ఎవరినీ తోసుకురారు. వాద్యాల మధ్య మిగిలే ఖాళీలే రచనకు అందం.

సొంత సంస్థ, గ్రామీలు

1977లో కొలంబియా సహకారంతో టపాన్ జీ రికార్డ్స్ సంస్థను స్థాపించాడు. 1978లో మొదలైన 'టాక్సీ' అనే టీవీ హాస్య ధారావాహికకు సంగీతం సమకూర్చాడు. ప్రారంభ గీతంగా మొదట అనుకున్నది వేరే రచన. ఒక ఎపిసోడ్‌లోని ఏంజెలా అనే పాత్ర కోసం ఆయన కూర్చిన బాణీ నిర్మాతలకు నచ్చి, చివరికి అదే ప్రారంభ గీతమైంది. దిగులూ ఆప్యాయతా కలగలిసిన ఆ 'ఏంజెలా' జేమ్స్‌ను ఇంటింటికీ చేర్చింది.

గిటార్ కళాకారుడు ఎర్ల్ క్లూతో చేసిన 'వన్ ఆన్ వన్' (1979), శాక్సోఫోన్ కళాకారుడు డేవిడ్ శాన్‌బోర్న్‌తో చేసిన 'డబుల్ విజన్' (1986) ఆల్బమ్‌లకు గ్రామీ పురస్కారాలు లభించాయి.

ఫోర్‌ప్లే

1990లో 'గ్రాండ్ పియానో కాన్యన్' రికార్డింగుకు లీ రిటెనౌర్ (గిటార్), నేథన్ ఈస్ట్ (బాస్), హార్వీ మేసన్ (డ్రమ్స్) కలిశారు. ఆ పొందిక నుంచే ఫోర్‌ప్లే బృందం పుట్టింది. నలుగురూ అప్పటికే పేరున్నవారు. నలుగురి రచనలకూ బృందంలో చోటు దక్కింది. తొలి ఆల్బమ్ 1991లో వచ్చింది. తర్వాతి కాలంలో గిటార్ స్థానంలోకి ల్యారీ కార్ల్‌టన్, ఆయన తర్వాత 2010లో చక్ లోబ్ వచ్చారు.

ప్రభావం

జేమ్స్ సంగీతానికి మరో జీవితాన్నిచ్చినవారు హిప్-హాప్ కళాకారులు. పాత రికార్డులోని ముక్కను తీసి కొత్త పాటకు వాడుకోవడాన్ని శాంప్లింగ్ అంటారు. 1975 నాటి ఆల్బమ్ 'టూ'లో ఆయన వాయించిన 'టేక్ మీ టు ద మార్డీ గ్రా' గంటల మోతతో మొదలవుతుంది. రన్-డీఎంసీ బృందం 1986లో 'పీటర్ పైపర్' పాటను ఆ మోత మీదే నిలిపింది. స్లిక్ రిక్ 'చిల్డ్రన్స్ స్టోరీ' వెనక నడిచేది 'నాటిలస్'.

2022లో వచ్చిన 'ఫీల్ లైక్ మేకింగ్ లైవ్!' ఆల్బమ్‌లో జేమ్స్ మళ్లీ ముగ్గురు సభ్యుల బృందంతోనే వాయించాడు. ఎనభై దాటిన ఆ వయసులో ఎంచుకున్న రచనల్లో 'ఏంజెలా'తోపాటు, ఒకప్పుడు రికార్డు చిట్టచివర చోటు దక్కిన 'నాటిలస్' కూడా ఉంది.