ఓర్పు ఎవరి వంతు?

ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చిన ఓ సాయంత్రం, అన్నం తిననని మారాం చేసిన మా అమ్మాయిని కొట్టాను. పిల్లల్ని కొట్టకూడదని తెలియక కాదు, ఓర్పు మిగలక. అది నా ఒక్కదాని లోపమేనని చాలాకాలం కుమిలిపోయాను. కార్మిక చట్టాల చరిత్ర చదివాక ఇంకో సంగతి అర్థమైంది.

1948 ఫ్యాక్టరీల చట్టం, యాభైమందికి మించి స్త్రీలు పనిచేసే చోట వాళ్ల ఆరేళ్లలోపు పిల్లలకి ఒక గది ఉండాలంది. 1976లో ఆ సంఖ్యను ముప్ఫైకి తగ్గించారు. కానీ లెక్కపెట్టింది ఆడవాళ్లనే. మగ కార్మికులు వెయ్యిమంది ఉన్నా వాళ్లకీ పిల్లలుంటారని చట్టానికి తోచలేదు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు, స్త్రీపురుషులు కలిపి యాభైమంది ఉద్యోగులుంటే క్రెష్ ఉండాలన్నారు. సంతోషించాను. తీరా చూస్తే, రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే వీలు తల్లికే ఇచ్చారు.

పిల్లల్ని ప్రేమగా పెంచమని తల్లులకి చెప్పడం తేలికే. దానికి కావలసిన తీరిక, తోడు ఎవరిస్తారు?

ఆరోజు కొట్టింది నా చెయ్యే, తప్పూ నాదే. కానీ ఆ ఇంట్లో పెద్దవాళ్లం ఇద్దరం ఉన్నాం. ఓర్పు కోసం నన్ను నేనొక్కదాన్నే ఎందుకు నిలదీసుకున్నాను?