రాకెట్ ఒంటి మీద నలుపు తెలుపు

శ్రీహరికోటలో పెద్ద ప్రయోగం దగ్గరపడిందంటే ఇస్రో శాస్త్రవేత్తలు తిరుమల కొండెక్కుతారు. రాకెట్ చిన్న నమూనాను వెంట తీసుకెళ్లి శ్రీవారి సన్నిధిలో పూజ చేయిస్తారు. ఆ ఫొటో పత్రికల్లో చూడని తెలుగు పాఠకులు తక్కువ. అందరూ అందులో మొహాలు చూస్తారు, నేను నమూనా మీది రంగులు చూస్తాను. తెలుపు ఎక్కడ ఆగింది? జెండా ఏ వైపున ఉంది? అక్షరాలు నిలువునా, అడ్డమా? రాకెట్ మీద వేసిన దాదాపు ప్రతి గీత వెనకా ఎవరో ఇంజినీరుకు ఏదో అవసరం ఉంది. అది తెలియకుండా రంగు వేస్తే బొమ్మ ముచ్చటగానే వస్తుంది గానీ, అది ఏ రాకెట్టో చెప్పలేం.

ఈ రంగుల కథ జర్మనీ బాల్టిక్ తీరంలోని పీనెముండెలో మొదలవుతుంది. 1942 అక్టోబర్ 3న అక్కడి నుంచి ఎగిరిన ఏ-4 రాకెట్, అంటే తర్వాత వి-2గా పేరుమోసినది, దాదాపు 190 కిలోమీటర్లు వెళ్లింది. దాని ఒంటి మీద చదరంగం పలకలాంటి నలుపు తెలుపు గళ్లు. గుండ్రటి గొట్టం తన చుట్టూ తాను తిరుగుతోందో లేదో దూరం నుంచి చూసేవాళ్లకు తెలియదు, ఏ పక్క నుంచి చూసినా ఒకేలా ఉంటుంది. అందుకని చుట్టుకొలతను భాగాలు చేసి ఒకదానికి నలుపు, పక్కదానికి తెలుపు పూశారు. నేల మీది కెమెరాలు తీసిన ఫిల్మును ఫ్రేము తర్వాత ఫ్రేము పరిశీలించి, నలుపు ఎంత పక్కకు జరిగిందో కొలిచి, రాకెట్ ఎంత వేగంతో తిరిగిందో లెక్కగట్టారు. అదే రాకెట్ అడుగున నెలవంక మీద కూర్చున్న స్త్రీ బొమ్మ కూడా వేశారు. ఫ్రిట్జ్ లాంగ్ 1929లో తీసిన చంద్రయాత్ర సినిమాకు అది గుర్తు. ఆ గళ్లు ప్రయోగ పరీక్షలకు వాడినవి. లండన్, యాంట్వెర్ప్ నగరాల మీద పడ్డ వి-2లను మిట్టెల్‌వెర్క్ సొరంగాల్లో నిర్బంధ కూలీలు ప్రాణాలు పోగొట్టుకుంటూ తయారుచేశారు. వాటికి ఈ గళ్లు లేవు, సైనిక రంగులే. వి-2 నమూనా చేసేవారు గళ్లు వేస్తున్నామంటే పరీక్ష రాకెట్‌ను చేస్తున్నామని గుర్తుంచుకోవాలి.

యుద్ధం అయ్యాక వి-2ను రూపొందించిన వాన్ బ్రాన్ బృందం అమెరికా చేరింది. నలుపు తెలుపు భాగాల అలవాటూ వాళ్లతోనే వెళ్లింది. అక్కడి రెడ్‌స్టోన్ రాకెట్ నుంచి సాటర్న్ దాకా ఆ పోలిక కనిపిస్తుంది. 110.6 మీటర్ల చంద్రయాత్ర రాకెట్ సాటర్న్-5కు అడుగున నాలుగు రెక్కలు, వాటి మీద ఏ, బి, సి, డి అక్షరాలు, వాటి మధ్య ఒకటి విడిచి ఒకటిగా నల్ల భాగాలు.

నమూనాలు చేసేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేదీ ఇక్కడే. 1966 మే 25న ఫ్లోరిడాలోని కెన్నెడీ కేంద్రంలో ఒక సాటర్న్-5 బయటికొచ్చింది. దాని పేరు 500-ఎఫ్. అది ఎగిరే రాకెట్ కాదు. లాంచ్ ప్యాడ్, రాకెట్‌ను అక్కడికి మోసుకెళ్లే క్రాలర్ బండి, ఇంధనం నింపే గొట్టాలు సరిగ్గా అమరుతున్నాయో లేదో చూసుకోవడానికి చేసిన నమూనా, అదీ అసలు రాకెట్ పరిమాణంలోనే. దాని మొదటి దశలో రెండు ట్యాంకుల మధ్య ఉండే ముడతల రేకు భాగానికి నలుపు వేశారు. తర్వాత ఎగిరిన రాకెట్లలో అక్కడ తెలుపే. ఫ్లోరిడా ఎండకు ఆ నల్ల రేకు లోపల వేడి పెరగడమే ఈ మార్పుకు కారణమని చెబుతారు. 1969లో చంద్రయాత్ర ఉత్సాహంలో నమూనా కిట్లు బజారులోకి దూసుకొచ్చాయి. రెవెల్ కంపెనీ 1/96 నిష్పత్తిలో, ఎస్టెస్ కంపెనీ 1/100లో సాటర్న్‌లను అమ్మాయి. కిట్ల తయారీకి ముందుగా అందుబాటులో ఉన్నవి 500-ఎఫ్ ఫొటోలు, కొలతలే. అందువల్ల ఎన్నో కిట్ల సూచనల కాగితంలో ఆ నల్ల పట్టీ అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లుగా ఎంతోమంది ఆ కాగితాన్ని నమ్మి, చంద్రుడి దగ్గరికి వెళ్లని రాకెట్ రంగులు వేసి, కింద అపోలో-11 అని పేరు రాసి అల్మారాలో పెట్టుకున్నారు. కాబట్టి రంగు సీసా మూత తీసే ముందే తేల్చుకోవాలి: ఇది 500-ఎఫ్‌ఆ, 1967 నవంబర్ 9న ఎగిరిన అపోలో-4ఆ, 1969 జులై 16 నాటి అపోలో-11ఆ? కిట్ పెట్టె మీది బొమ్మను సాక్ష్యంగా తీసుకోకూడదు. నాసా ఫొటోలే సాక్ష్యం.

ఇక చేతి పని. ముందు బూడిద రంగు ప్రైమర్, దాని మీద తెలుపు, బాగా ఆరాక మాస్కింగ్ టేపు వేసి నలుపు. నలుపు మీద తెలుపు వేయబోతే పొరలు పెరుగుతాయి. 1/96 నమూనా మీద పొర పదో వంతు మిల్లీమీటరు మందం ఉంటే, అసలు రాకెట్ మీద దాదాపు సెంటీమీటరు మందాన పూసినట్టు లెక్క. అందుకే ఎయిర్‌బ్రష్‌తో పలచటి పొరలు రెండు మూడు వేయడం మేలు. టేపు అంచు దగ్గర మరో చిన్న జాగ్రత్త ఉంది. టేపు అతికించాక నలుపు కంటే ముందు మళ్లీ అదే తెలుపు సన్నగా చల్లాలి. టేపు కింద సందులుంటే ఆ తెలుపే పోయి పూడ్చేస్తుంది, తర్వాత వేసే నలుపు పాకదు. టేపు తీస్తే గీత కత్తితో కోసినట్టు వస్తుంది. శుద్ధ తెలుపు, శుద్ధ నలుపు చిన్న వస్తువు మీద కంటికి కొట్టొచ్చినట్టు ఉంటాయి. తెలుపులో చిటికెడు బూడిద రంగు, నలుపులోనూ కొంచెం బూడిద కలిపితే దూరంలో నిలిచిన రాకెట్‌లా కనిపిస్తుంది.

ఏ రాకెట్ అన్నది తేలాక ఏ నిమిషం అన్నదీ తేల్చుకోవాలి. ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర మరుగుతుంది. సాటర్న్ మొదటి దశలో ఆక్సిజన్ ట్యాంకుకు బయట ఇన్సులేషన్ లేదు. ఇంధనం నింపాక గాలిలోని తేమ దాని మీద మంచులా పేరుకుంటుంది, ఇంజిన్లు అంటుకున్నప్పుడు పెచ్చులుగా రాలిపోతుంది. రష్యా సోయుజ్ రాకెట్‌ది మరీ స్పష్టం: ప్యాడ్ మీదికి తెచ్చినప్పుడు బూడిద పచ్చగా ఉన్న ఒళ్లు ఎగిరే వేళకు మంచుతో తెల్లబడుతుంది. స్పేస్ షటిల్ బయటి ట్యాంకుకు 1981లో జరిగిన మొదటి రెండు ప్రయాణాల్లో తెల్ల రంగు ఉంది. సుమారు 270 కిలోల బరువు తగ్గుతుందని మూడోసారి నుంచి రంగు మానేశారు. అప్పుడు కనిపించిన నారింజ రంగు ట్యాంకు మీది ఇన్సులేషన్ నురుగుదే. అదీ ఎండకు రోజురోజుకూ ముదిరేది.

అక్షరాలు, జెండాల సంగతికి వస్తే, నీళ్లలో నానబెట్టి అతికించే డెకాల్ వాడతారు. మెరిసే వార్నిష్ పొర మీదే అతికించాలి. గరుకు తలం మీద పెడితే కింద గాలి చిక్కుకుని వెండి మరకలా మెరుస్తుంది, ఎంత మంచి నమూనా అయినా ఆ మరకతో బొమ్మలా మారిపోతుంది. గోరువెచ్చని నీటిలో కొన్ని సెకన్లు ఉంచి తీసి, కాగితం మీద వదులయ్యేదాకా ఆగి, కుంచెతో జరిపి చోటు కుదర్చాలి. ముడతల రేకు మీద డెకాల్ నేరుగా కూర్చోదు. డెకాల్‌ను మెత్తబరిచే ద్రావణం రాస్తే కాసేపు ముడుచుకుని భయపెడుతుంది. ముట్టుకోకుండా వదిలేస్తే ఆరేసరికి ప్రతి ముడతలోకీ దిగి రంగు పూసినట్టు కూర్చుంటుంది. చివర అంతటికీ కలిపి సగం మెరుపు వార్నిష్.

అన్ని అక్షరాలూ అచ్చువేసినట్టు ఉండాలనుకోవడమూ పొరపాటే. 1962 ఫిబ్రవరి 20న అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ ఎక్కిన ఫ్రెండ్‌షిప్-7 నౌక మీది పేరును సిసీలియా బిబ్బీ అనే చిత్రకారిణి లాంచ్ ప్యాడ్ మీద చేత్తో వేశారు. స్టెన్సిల్ పెట్టి చల్లిన అక్షరాలు వద్దని గ్లెన్ కోరుకున్నారు. ఆ గీతల్లో కుంచె వంపు కనిపిస్తుంది. కంప్యూటర్ అక్షరాలతో డెకాల్ ముద్రించుకుంటే ఆమె చెయ్యి మాయమైపోతుంది. అంతకు ముందు ఏడాది మరో వ్యోమగామి గస్ గ్రిస్సమ్ తన లిబర్టీ బెల్-7 నౌక మీద, దానికి పేరిచ్చిన ఫిలడెల్ఫియా గంటకున్న పగులును కూడా తెల్ల రంగుతో గీయించారు. ఆ పగులు లేని లిబర్టీ బెల్ నమూనా నా దృష్టిలో అసంపూర్ణమే.

అంతర్జాతీయ ఏరోనాటికల్ సమాఖ్య పోటీల్లో ఎస్-7 అనే స్కేల్ నమూనాల విభాగం ఉంది. అక్కడ నమూనాతోపాటు అసలు రాకెట్ కొలతలు, ఫొటోలు న్యాయనిర్ణేతల ముందు పెట్టాలి. రంగుకు ఆధారం చూపలేకపోతే మార్కులు పోతాయి. నమూనా ఎగరాలి కూడా. ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. మన బడుల్లో సైన్స్ ఎగ్జిబిషన్లకు చేసే రాకెట్లకూ ఇదే నియమం పెడితే పిల్లలు చరిత్ర కూడా నేర్చుకుంటారు.

మన ఇస్రో రాకెట్ ఎల్‌వీఎం-3 ఎత్తు 43.5 మీటర్లు. 1/100లో చేస్తే 43.5 సెంటీమీటర్లు, బల్ల మీద పట్టేస్తుంది. మొదలుపెట్టదలచినవారు చంద్రయాన్-3ను మోసుకెళ్లిన 2023 జులై 14 నాటి రాకెట్‌ను ఎంచుకోండి. ఇస్రో విడుదల చేసిన ఆ రోజు ఫొటోలను నాలుగు పక్కలవీ సేకరించి, జెండా, అక్షరాలు, గీతలు ఎక్కడెక్కడున్నాయో కాగితం మీద గుర్తు పెట్టుకున్నాకే రంగు సీసా తెరవండి.