సంతకాలు ఎవరివి, వేలిముద్రలు ఎవరివి?



పోయిన ఆదివారం ఆబిడ్స్ పాత పుస్తకాల దగ్గర ఒక పెద్దాయన కలిసిండు. నాయకుల సంతకాలున్న ఉత్తరాలు, కాగితాలు సేకరిస్తడట. "అంబేడ్కర్ సంతకం దొరికితే చెప్పు తమ్మీ, ఎంతైనా ఇస్త" అన్నడు. బస్సులో ఇబ్రహీంపట్నం చేరేదాకా ఆ మాటే ఆలోచించాను.

బాబాసాహెబ్ సంతకాల్లో చాలా బరువైనది 1932 సెప్టెంబర్ 24న ఎరవాడలో పడింది. అదే పూనా ఒప్పందం. గాంధీ నిరాహారదీక్ష ఒత్తిడి మధ్య ప్రత్యేక నియోజకవర్గాలు వదులుకుని 148 రిజర్వుడు సీట్లకు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఎవరి ప్రాణం కోసం అంత ఒత్తిడి తెచ్చారో ఆ గాంధీ సంతకం మాత్రం దాని మీద లేదు. సవర్ణ హిందువుల తరఫున మదన్ మోహన్ మాలవీయ తదితరులు పెట్టారు. ఒక కాగితాన్ని చదివేటప్పుడు ఎవరు సంతకం పెట్టారన్నది ఎంత ముఖ్యమో, ఎవరు పెట్టలేదన్నదీ అంతే ముఖ్యం.

మన దగ్గరికి రండి. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. ఆంధ్ర నుంచి నలుగురు, తెలంగాణ నుంచి నలుగురు సంతకాలు చేశారు. తెలంగాణ వైపు బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. 1978లో ఏర్పడిన మన జిల్లాకు ఆ రంగారెడ్డి పేరే పెట్టారు. ఎనిమిది మందిలో ఒక్క దళితుడు లేడు. మన రాష్ట్రం ఎటు పోవాలో రాసిన కాగితం మీద మనకు చోటు లేదు.

మరి మనవాళ్ల గుర్తు ఎక్కడుంది? బాకీ కాగితాల మీద వేలిముద్రగా ఉంది. మా తాత ఒక పెళ్లి ఖర్చుకు అప్పు తీసుకుని, తాను చదవలేని కాగితం మీద వేలేసి, ఏండ్ల తరబడి జీతమున్నడు. 1975 అక్టోబర్ 25 నుంచి వెట్టి రద్దయిందని చట్టం చెప్పినా, ఆ కబురు మా వాడకు రాలేదు. 1980లలో గీతా రామస్వామి వంటి కార్యకర్తలతో కలిసి ఇక్కడి కూలీలు సంఘం కట్టుకున్నాకే జీతగాళ్లు ఒక్కొక్కరే బయటపడ్డరు. ప్రభుత్వంలో ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారి ఉండటం ఆ పోరాటానికి బలమైంది.

తాత విడుదల పత్రం ఇప్పటికీ మా రేకు పెట్టెలో, పాలిథీన్ కవర్లో ఉంది. కింద ఒక అధికారి సంతకం. ఆ సంతకం ఏ వేలంలోనూ అమ్ముడుపోదు. మా ఇంట్లో మాత్రం దానికి మించిన ఆస్తి లేదు.

ఇప్పుడు మన చుట్టూ ప్లాట్ల రాళ్లు పాతుతున్నారు. మా చుట్టాలింట్లో ఒక మధ్యవర్తి "జిరాక్స్ తీసి ఇస్త" అని అసలు పట్టా కాగితం పట్టుకుపోయిండు, మళ్లీ రాలేదు. 1977 చట్టం ప్రకారం భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదు. కానీ అది మనదేనని చూపడానికి ముందు చేతిలో కాగితం ఉండాలి కదా.

విద్యార్థి మిత్రులారా, ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ వాడలో ప్రతి రేకు పెట్టె తెరిపించండి. విడుదల పత్రాలు, పట్టాలు, సంఘం రసీదులు ఫోటో తీయండి. అది ఎవరిది, ఎప్పటిది, ఎట్లా వచ్చిందో ముసలోళ్లను అడిగి రాసుకోండి. అసలు కాగితం మాత్రం ఆ ఇంట్లోనే ఉండనివ్వండి. చెదలు, దళారులు మనకంటే ముందే బయలుదేరారు.

జై భీమ్.